సాక్షి సంతకం

వినయ్ కుమార్ పేరు వినిపిస్తే చాలు, సుందర్ రాజ్ నోట్లో ముద్ద చేదెక్కేది. వినయ్ అతని అప్పు ఎగ్గొట్టలేదు, ఆస్తి లాక్కోలేదు. ఒక కుర్రాణ్ణి లాక్కున్నాడు. ఆ కుర్రాడి పేరు కోల్బీ రీస్. ఒక్లహామాలో పుట్టి పెరిగిన ఆ కోల్బీకి వీళ్ళిద్దరూ భూమ్మీద ఉన్నారన్న సంగతే తెలియదు.

టెక్సస్ రాష్ట్రం ప్లేనోలోని తెలుగు చర్చి మగవాళ్ళు పన్నెండు మంది కలిసి ఒక ఫాంటసీ బేస్‌బాల్ లీగ్ నడుపుతున్నారు. నిజం ఆటగాళ్ళను కాగితం మీద పంచుకుంటారు. మైదానంలో వాళ్ళు ఎలా ఆడితే వీళ్ళకు అలా పాయింట్లు. పాస్టర్ గారికి ఈ సంగతి తెలుసు, తెలియనట్టు ఉంటారు. పేరు పడ్డ ఆటగాళ్ళను ఎవరైనా టీవీలో చూసి ఎంచుకోగలరు. అసలు తెలివంతా మైనర్ లీగ్‌లో, బస్సుల్లో నిద్రపోతూ ఊరూరూ తిరిగి ఆడే ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళలో రేపటి మొనగాడు ఎవడో ముందే పసిగట్టడంలో ఉంది. అలాంటి కుర్రాణ్ణి తీసుకోవాలంటే వీళ్ళ లీగ్‌లో ఒక సొంత రూలు ఉంది. స్వయంగా వెళ్ళి ఆట చూడాలి. పక్కన ఒక సాక్షి ఉండాలి. కుర్రాడి పేరు, చూసిన సంగతులు రాసిన కార్డు మీద ఇద్దరూ సంతకం పెట్టాలి. ఇంటర్నెట్‌లో లిస్టులు చూసి పేర్లు ఏరుకొచ్చే సోమరిపోతులు చేరకూడదని మొదట్లోనే పెట్టుకున్న కట్టుబాటు అది.

ఆరేళ్ళపాటు సుందర్‌కి వినయ్ సాక్షి, వినయ్‌కి సుందర్ సాక్షి. నమ్మకం ఎంతదాకా వెళ్ళిందంటే, ఖాళీ కార్డుల మీద ముందే సంతకాలు చేసి ఒకరికొకరు ఇచ్చేసుకునేవాళ్ళు. కోల్బీని మొదట చూసింది సుందరే. "ఆ మణికట్టు చూడు తమ్ముడూ, కొరడా తిప్పినట్టు తిప్పుతున్నాడు," అన్నాడు. "పస లేదన్నా, వదిలెయ్," అన్నాడు వినయ్. వారం తిరక్కుండా, వంతులవారీగా ఆటగాళ్ళను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో సుందర్ కన్నా ఒక్క వంతు ముందు లేచి, కోల్బీ రీస్ నావాడన్నాడు. కార్డు మీద సాక్షి సంతకం ఎవరిదయ్యా అంటే, సుందర్ రాజ్‌దే!

ఇప్పుడు కోల్బీ పెద్ద లీగ్‌లో బంతిని స్టాండ్స్‌లోకి కొడుతున్నాడు. కొట్టిన ప్రతిసారీ సుందర్ టీవీ కట్టేస్తున్నాడు.

సుందర్‌కి నలభై ఆరేళ్ళు. రేపల్లెలో తొమ్మిదో తరగతితో చదువు ఆపేసి ఫ్రిజ్ మెకానిక్ దగ్గర చేరాడు. అమెరికాలో ఉన్న అక్క వేసిన వీసా పేపర్లు పదమూడేళ్ళు నానితే ఇక్కడికి వచ్చాడు. అమెరికా వెళ్ళిపోయేవాడని కొన్ని సంబంధాలు, చదువు లేదని కొన్ని తప్పిపోయి ఒంటరిగా మిగిలాడు. ఏసీలు బాగుచేస్తాడు. మైనర్ లీగ్ ఆటలు జరిగే ఫ్రిస్కో బాల్‌పార్క్‌లో ఐస్ మెషిన్ చెడిపోతే వెళ్ళి, అక్కడే నిలబడి ఆట నేర్చుకున్నాడు. పుస్తకాలు అతన్ని వదిలేసినా కళ్ళు వదల్లేదన్నది అతని గర్వం.

కాని రెండేళ్ళుగా అతని పక్కన కూర్చునేవాళ్ళు లేరు. సాక్షి లేడు, కార్డు లేదు, కుర్రాడు లేడు. లీగ్‌లో అట్టడుగున ఉన్నాడు.

"ఈ చర్చిలో ఒక మనిషికి సాక్షి సంతకం పెట్టే దిక్కు లేదు," అని ఒక ఆదివారం, ఆరాధన అయ్యాక భోజనాల దగ్గర, పప్పుచారు గిన్నె ముందు నిలబడి గొణిగాడు.

"దేనికి బ్రదర్? పెళ్ళికా, కోర్టుకా?"

వెనక్కి తిరిగాడు. న్యూజెర్సీ నుంచి వచ్చి రెండు నెలలైన ప్రేమజ్యోతి. నరసాపురం మనిషి. హాస్పిటల్‌లో ఫిజియోథెరపిస్ట్. నలభై దాటింది. చేతిలో ఖాళీ ప్లేటు, కళ్ళల్లో నవ్వు.

"బేస్‌బాల్‌కి."

"ఆ రెండింటికన్నా అన్యాయంగా ఉందే."

"నవ్వండి సిస్టర్. రమ్మంటే అందరూ బిజీ అంటారు."

"బిజీయా, మీ పక్కన మూడు గంటలు కూర్చోలేకా? ఒక్క గరిటె పప్పుచారు పోసుకునేలోపు ముగ్గుర్ని తిట్టారు. లెక్కపెట్టాను."

సుందర్ గరిటె గిన్నెలో వదిలేశాడు.

"శనివారం నేను వస్తాను," అంది ఆవిడ. "ఆట రాదు నాకు. కాని మనుషులు కదిలే తీరు చూడటమే నా ఉద్యోగం. చూసింది చూసినట్టు రాస్తాను. చూడనిది రాయను. ఓకేనా?"

అలా మొదలైంది.

మొదటి శనివారం ఆవిడ ప్రశ్న మీద ప్రశ్న వేసింది. "ఆ తొమ్మిదో నంబరు అబ్బాయి ఎడమ కాలు ఎందుకు దాచుకుంటున్నాడు?" అంది. సుందర్ చూశాడు. నిజమే, దాచుకుంటున్నాడు. తనకి ఎందుకు కనబడలేదు? బంతిని చూశాడు కనుక. రెండో శనివారం ఆవిడ పులిహోర డబ్బా తెచ్చింది. బయటి ఫుడ్ లోపలికి రానివ్వరంటే, పార్కింగ్ లాట్‌లో ట్రక్ వెనక డోర్ దించుకుని అక్కడే తినేశారు.

మొదటి మూడు వారాలూ అతను ఆవిడకి 'బ్రదర్'. నాలుగో వారం వాన పడింది. ఆట ఆపేసి మైదానం మీద టార్పాలిన్ కప్పారు. జనమంతా పైకప్పు కిందికి పరిగెత్తారు. వీళ్ళిద్దరూ ఒక స్తంభం పక్కన ఇరుక్కుని నిలబడ్డారు.

"జుట్టు తడిసిపోయింది మీకు, ఇటు జరగండి సుందర్ గారూ," అంది.

సుందర్ గారూ! టెక్సస్ వాన రేకుల మీద డప్పు కొడుతుంటే, అతను ఆ రెండు మాటల్నే వింటూ నిలబడ్డాడు. బ్రదర్ ఎక్కడ జారిపోయాడో ఆవిడ గమనించిందా? గమనించినట్టే ఉంది. చూపు తిప్పుకుని కార్డు చదవడం మొదలెట్టింది, పై నుంచి కింది దాకా, ప్రతి అక్షరం.

"సిటిజన్‌షిప్ పరీక్షా ఏంటండీ అది? సంతకం పడెయ్యండి."

"చదవకుండా పడేసే అలవాటు నాకు లేదు."

"ఎప్పుడూ లేదా?"

"ఒకప్పుడు ఉండేది," అని ఊరుకుంది. సుందర్ గుచ్చి అడగలేదు. వాన తగ్గేదాకా ఇద్దరూ తడిసిన మైదానాన్ని చూస్తూ ఉన్నారు. కొన్నాళ్ళుగా తను ఎవర్నీ తిట్టలేదన్న సంగతి ఆ రాత్రి ఇంటికి వెళ్ళాకగాని అతనికి తట్టలేదు.

జూలైలో డెస్మండ్ టేట్ వచ్చాడు. ఎడమచేత్తో బంతి విసిరే ఇరవై ఒక్క ఏళ్ళ పిచ్చర్. బంతి చేతిలోంచి బయటపడ్డట్టు కనిపించేది కాదు, క్యాచర్ గ్లవ్‌లో చప్పుడు మాత్రం వినిపించేది. సుందర్ లేచి నిలబడ్డాడు.

"దొరికాడు! కోల్బీని తలదన్నేవాడు దొరికాడండీ! వచ్చే శనివారమే డ్రాఫ్ట్. అట్టడుగున ఉన్నాం కాబట్టి మొదటి వంతు మనదే. ఆ వినయ్‌గాడి ముఖం చూడాలి!"

ప్రేమజ్యోతి మైదానం మీంచి కళ్ళు తీయలేదు. మూడో ఇన్నింగ్స్ అయింది, నాలుగోది అయింది. కార్డు మడిచి అతని చేతిలో పెట్టింది. సంతకం లేదు.

"ఏంటిది?"

"ఆ అబ్బాయికి మోచెయ్యి నొప్పి. ప్రతి బంతికీ వేళ్ళు తెరిచి మూస్తున్నాడు, చూశారా? మూడో ఇన్నింగ్స్ నుంచి మోచెయ్యి కిందికి దిగింది. ఎవరికీ చెప్పకుండా దాస్తున్నాడు, పాపం."

"బోర్డు మీద తొంభై ఆరు మైళ్ళ స్పీడ్ పడుతోందండీ!"

"మీరు బోర్డు చూస్తున్నారు. నేను చెయ్యి చూస్తున్నాను."

"ఇరవై ఒక్క ఏళ్ళ పిల్లాడు, వేళ్ళు కదిపితే రోగమా? మీరు హాస్పిటల్ నుంచి తిన్నగా వచ్చారు. మీకు అందరూ పేషెంట్లే."

"మీకు అందరూ వినయ్ కుమార్‌లే," అంది ఆవిడ చాలా నెమ్మదిగా. "ఆటకి వచ్చి ఆ మనిషినే చూస్తున్నారు. నన్ను ఇంటి దగ్గర దింపండి."

దారిపొడుగునా రేడియో ఒక్కటే మాట్లాడింది.

డ్రాఫ్ట్ రోజు మధ్యాహ్నం ఈషాన్ వాళ్ళ గరాజ్ ముందు సుందర్ ట్రక్ ఆపాడు. లీగ్ లెక్కలు చూసేది ఈషాన్. ఇక్కడే పుట్టి పెరిగిన ఇరవై నాలుగేళ్ళవాడు. లోపల వినయ్ నవ్వు వినిపిస్తోంది. సుందర్ కార్డు తీశాడు. స్టీరింగ్ మీద పెట్టుకున్నాడు. వాళ్ళ ఊళ్ళో ఆడవాళ్ళ సంతకం ఒక సంతకమా? బ్యాంకులో బావ పెట్టేవాడు, స్కూల్లో అన్న పెట్టేవాడు, రేషన్ షాపులో ఎవడు ముందుంటే వాడు పెట్టేవాడు. ఎవరూ తప్పనుకోలేదు. కళ్ళు మూసి తెరిచేలోపు 'ప్రేమజ్యోతి' అని రాసేశాడు. గడియారం చూసుకున్నాడు. రెండూ ఇరవై.

"ఫస్ట్ పిక్, సుందర్ అంకుల్."

"డెస్మండ్ టేట్."

కార్డు అందరి చేతులూ తిరిగి ఈషాన్ దగ్గరికి చేరింది. గరాజ్‌లో 'అబ్బా' అన్న గుసగుస. వినయ్ ముఖం మాడిపోయింది. రెండేళ్ళు ఎదురుచూసిన క్షణం. అయితే ఆ తీపి గొంతు దిగకముందే వినయ్ కుర్చీ జరుపుకుని పక్కకొచ్చాడు.

"అన్నా, కోపం పెట్టుకోకుండా విను. నేనూ చూశాను వాణ్ణి. స్పీడ్ ఉందిగాని ఆ చెయ్యి మీద ఏదో అనుమానం కొట్టింది. నీ కార్డు మీద ప్రేమజ్యోతి గారి సంతకం చూశాక పోయింది. మా అమ్మ భుజం పడిపోతే నిలబెట్టింది ఆవిడే. ఆవిడ చూసి ఓకే అన్నాక ఇంక డౌట్ ఏంటి? నాకు బ్యాటర్లు ఎక్కువయ్యారు, పిచ్చర్ కావాలి. టేట్‌ని నాకిచ్చెయ్. కోల్బీ రీస్‌ని తీస్కో."

సుందర్ చూపు ఈషాన్ చేతిలోని కార్డు మీద పడింది.

ఇంతకన్నా ఏం కావాలి? పోయినవాడు తిరిగొస్తాడు. మోచెయ్యి చెడ్డ పిచ్చర్ వినయ్ నెత్తిన పడతాడు. దెబ్బకు దెబ్బ. 'సరే' అంటే చాలు. ఆవిడ చెప్పింది నిజమని అతనికి ఆ రోజే తెలుసు, ఒప్పుకోబుద్ధి కాలేదంతే. ఇప్పుడు వినయ్ నమ్ముతున్నది సుందర్‌ని కాదు. రెండేళ్ళ కిందట తను వినయ్‌ని నమ్మినట్టు, ఒక సంతకాన్ని నమ్ముతున్నాడు. రేపు టేట్ కుప్పకూలితే చర్చిలో ఏమంటారు? ప్రేమజ్యోతికి ఏం తెలుసు అంటారు. ఆవిడ భోజనాల దగ్గర ప్లేటు పట్టుకుని నిలబడితే వెనక నవ్వుతారు.

"ఏమంటావన్నా?"

సుందర్ లేచి నిలబడ్డాడు. "ఈషానూ, ఆ కార్డు ఇలా ఇయ్యి. ఆ సంతకం నాది."

"వెయిట్, ఏంటి?"

"ఆవిడ పెట్టలేదు. పెట్టనంది. ఆ కుర్రాడి మోచెయ్యి బాగాలేదని చెప్పింది. నేనే రాసుకున్నాను."

ఈషాన్ ఫోన్‌లో రూల్స్ తీశాడు. వాడి గొంతు చిన్నబోయింది. "సారీ అంకుల్. దొంగ కార్డ్ ఇస్తే టీమ్ అవుట్. డిపాజిట్ కూడా రాదు. రూల్ ఈజ్ రూల్."

"రూలేరా నాయనా. నేను కాదన్నానా?"

వినయ్ అతని వెంట ట్రక్ దాకా వచ్చాడు. "ఎందుకన్నా చెప్పావు? ఎవరికీ తెలిసేది కాదుగా."

"నీకు తెలిసేది కాదు. నాకు తెలుసుగా," అని సుందర్ ట్రక్ ఎక్కాడు.

ప్రేమజ్యోతి అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గర మొక్కలకు నీళ్ళు పోస్తోంది. అతను దిగి, ట్రక్ తలుపు కూడా వెయ్యకుండా, ఉన్నదంతా చెప్పేశాడు. కోల్బీ సంగతి కూడా. ఆవిడ నీళ్ళ డబ్బా కింద పెట్టి మెట్టు మీద కూర్చుంది. తల దించుకుని చేతుల తడి తుడుచుకుంది.

"నా మాజీ భర్త నా సంతకం పెట్టి నరసాపురంలో మా నాన్న ఇచ్చిన స్థలం అమ్మేశాడు," అంది. "అంతకుముందు ఆయన ఏ కాగితం పెట్టినా చదవకుండా నేనే పెట్టేదాన్ని. నా చెయ్యి ఎలా తిరుగుతుందో అలా నేర్చుకున్నాడు. పదకొండేళ్ళు చెప్పలేదు. మూడో మనిషి నోట విన్నాను. మీరు ఎంతసేపటికి చెప్పారు?"

సుందర్ గడియారం చూశాడు. "గంటా నలభై నిమిషాలు."

"గంటా నలభై నిమిషాలు కూడా ఎక్కువే."

"ఎక్కువే."

"తప్పు తప్పే. మీరు చెప్పినంతమాత్రాన ఒప్పు అయిపోదు."

"అవదు. ఒప్పు చేయించుకోవడానికి రాలేదండీ." అతను ట్రక్‌ని పట్టుకుని నిలబడ్డాడు. తొమ్మిదో తరగతి చదువుకి మాటలు ఎక్కడ దొరుకుతాయి? ఉన్నవే చెప్పాడు. "ఆ వాన రోజు నుంచి మీ పేరు మనసులో ఎన్నిసార్లు రాసుకున్నానో నాకే తెలియదు. కాగితం మీద మొట్టమొదటిసారి రాయడం మటుకు దొంగతనంగా రాశాను. అది తలుచుకుంటే సిగ్గుగా ఉంది. అదొక్కటీ చెబుదామని వచ్చాను. వెళ్తాను."

"ఆగండి."

ఆగాడు.

"టీమ్ పోయింది కదా. ఇంక మీకు సాక్షితో పనేంటి?"

"లీగ్‌కి పని లేదు."

ఆవిడ మొదటిసారి తల ఎత్తి చూసింది. కోపం పూర్తిగా పోలేదు. కాని ఆ కోపం పక్కనే, పప్పుచారు గిన్నె దగ్గర చూసిన నవ్వు కాస్త చోటు అడుగుతోంది.

"వచ్చే శనివారం నా టికెట్ నేనే కొనుక్కుంటాను," అంది. "పక్క సీటే. ఇప్పుడప్పుడే ఇంకేమీ అడగకండి."

"అడగను."

"ఆ టేట్ అబ్బాయి మళ్ళీ వస్తే, డాక్టర్‌కి చూపించుకోమని ఎవరితోనైనా చెప్పించాలి. మీకు అక్కడ ఐస్ మెషిన్ వాళ్ళు తెలుసు కదా?"

"తెలుసు."

ఆవిడ మెట్టు మీద కాస్త పక్కకి జరిగింది. సుందర్ కూర్చున్నాడు. ఇద్దరి మధ్యా నీళ్ళ డబ్బా పట్టేంత జాగా ఉంది.

"డిపాజిట్ ఎంత పోయిందేంటి?"

"నాలుగు వందల ముప్పై ఐదు డాలర్లు."