హోటలు వెనక ఆకులు

"పాసు వచ్చింది!"

సైకిలు ఇంకా ఆగకముందే తిప్పన్న అరిచాడు. అనంతపురం స్టేషన్లో రాత్రి డ్యూటీ చేసి రాప్తాడు దాకా తొక్కుకుంటూ వచ్చిన మనిషి. చొక్కా వీపుకు అంటుకుపోయింది. ముఖం మాత్రం పెళ్లిపీటల మీద ఉన్నప్పటిలాగే వెలిగిపోతోంది.

వాకిట్లో వేరుశనక్కాయలు వలుస్తున్న నారాయణమ్మ ఒక్క ఉదుటున లేచింది. ఒళ్లోని గింజలన్నీ నేలపాలయ్యాయి. కోళ్లకు పండగైంది.

"ఏదీ, చూపించు!"

"ముందు చేతులు తుడుచుకో. రైల్వే వాళ్ల కాగితం ఇది."

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుని పాసు లాక్కుంది. అనంతపురం నుంచి రామేశ్వరం, మళ్లీ వెనక్కి. బుకింగ్ గుమాస్తా తిప్పన్న, భార్య. 'భార్య' అన్న మాట మీద వేలు పెట్టి మళ్లీ చదివింది. పెళ్లయి మూడు నెలలైనా ఆ మాట అచ్చులో చూడటం ఇదే మొదలు.

అత్తమామలకు అది రామేశ్వరం యాత్ర. బి.ఏ. చదివిన నారాయణమ్మకు మాత్రం హనీమూన్. వానకోసం ఆకాశం చూసి చూసి మెడలు పట్టేసే నేల మీద పుట్టిన పిల్లకు, ఎటు చూసినా నీళ్లే ఉండే దీవి ఒకటుందంటేనే ఒళ్లు పులకరించేది. సముద్రం మీద వంతెన, దాని మీద రైలు, కిటికీ పక్కన తాను!

ప్రయాణానికి పాసు ఉంది. బసకు సత్రం ఉంది. బెంగల్లా తిండి గురించే. యాత్రాస్థలాల్లో హోటళ్లు నీళ్ల సాంబారు పోసి నిలువునా దోస్తాయని స్టేషన్లో గార్డులు భయపెట్టారు. గుమాస్తా జీతంతో రుచిగా, చౌకగా తినడమెలా? దానికి నారాయణమ్మ ఒక ఉపాయం కనిపెట్టింది. హోటలు ముందున్న బోర్డు చూడకూడదు, వెనక పారేసిన విస్తరాకులు చూడాలి. ఆకుల్లో అన్నం మిగిలి ఉంటే అక్కడ తినకూడదు. ఆకులు తుడిచిపెట్టినట్టుంటే వంట మంచిదన్నమాట, పెట్టిన డబ్బు దండగ కాదన్నమాట.

నిన్ననే ఇద్దరూ స్టేషను దగ్గరి హోటళ్ల వెనక తిరిగి ఆ ఉపాయాన్ని పరీక్షించి వచ్చారు. నవ్వులే నవ్వులు. చింతచెట్టు పక్కనున్న పెంకుల హోటలు మొదటి స్థానం కొట్టేసింది. లోపలికి పోదామని తిప్పన్న అన్నా, "ఆ దుడ్లు రామేశ్వరంలో ఖర్చు పెడదాం," అని ఆమె లాక్కొచ్చింది.

"అత్తా! పాసు వచ్చింది!" నారాయణమ్మ వంటింట్లోకి పరుగెత్తింది. గంగక్క పొయ్యి మీద సంగటి కెలుకుతోంది.

"వచ్చిందా తల్లీ! చెనిక్కాయల పొడి కొట్టి అప్పుడే నీ పెట్టెలో పెట్టుండా. నా పేరున గూడా ఒక మునక ఎయ్యి."

సరిగ్గా అప్పుడే వీధిలో బండి ఆగింది. పక్కింటి ముత్యాలప్ప. ఇంటి పక్క చూరు కింద చర్నాకోలకు నూనె రాస్తున్న తిప్పన్న తండ్రి ఆదెప్పను చూసి పళ్లికిలించాడు.

"ఏమప్పా ఆదెప్పా, కోడలికి ఇంట్లో కూడు చాలడం ల్యాదా? నిన్న టౌన్లో చింతమాను హోటలు ఎనక ఎంగిలాకుల కాడ వంగి చూస్తాండె. నీ కొడుకు గూడా పక్కనే ఉండె. నా కండ్లతో నేనే చూస్తిని!"

బండి వెళ్లిపోయింది. ఆదెప్ప నూనెగుడ్డ కింద పెట్టాడు. చర్నాకోల భుజాన వేసుకుని లేచాడు.

అతను వాకిట్లోకి వచ్చిన తీరు చూసి కోళ్లు చెదిరిపోయాయి. అతను తన్నిన చేట ఎగిరి గోడకు తగిలింది.

"అమ్మీ! బయటికి రా! ఎంగిలాకులు కెలికినావా?"

నారాయణమ్మ పాసు చేత్తో పట్టుకునే నవ్వుతూ వచ్చింది. "కెలకలేదు మామా. చూసినాము, అంతే. ఆకు ఖాళీగా ఉంటే మంచి హోటలని..."

"నవ్వుతాండావా?"

ఆదెప్ప లోపలికి దూసుకుపోయి, సర్దిపెట్టిన ట్రంకు పెట్టెను ఎత్తి వాకిట్లోకి విసిరేశాడు. మూత ఊడింది. పెళ్లిచీర దుమ్ములో పడింది. అద్దం భళ్లున పగిలింది. పొడి సీసా పగిలి ఎర్రటి కారం నేలంతా చిమ్మింది.

"నాయనా! ఏం చేస్తాండావు?" తిప్పన్న అడ్డం వచ్చాడు.

చర్నాకోల గాలిలో ఈలవేసింది. మొదటి దెబ్బ భుజం మీద. రెండోది వీపు మీద. చొక్కా చిరిగి, చిరిగిన చోట ఎర్రగా గీత తేలింది.

"పెండ్లాన్ని ఎంగిలాకుల కాడికి పిలుచుకొని పోతావా? ఈ ఇంటి మనిషిని చూసి ఊరు నవ్వల్లనా? యాత్ర ల్యాదు, గీత్ర ల్యాదు!"

నారాయణమ్మ కెవ్వుమంది. ఆమె చేతిలోంచి పాసు లాక్కుని ఆదెప్ప వంటింట్లోకి పోయాడు. గంగక్క అడ్డుపడేలోపే దాన్ని పొయ్యిలో పడేశాడు.

తిప్పన్న వెనకే దూకాడు. ఏమీ ఆలోచించలేదు. మంటలోకి చెయ్యి పెట్టేశాడు. సంగటి కుండ దొర్లి నిప్పుల మీద బుస్సుమంది. కాగితం చేతికొచ్చింది, మూల నల్లగా. వేళ్లు బొబ్బలెక్కాయి. మరుక్షణం కాలని చేత్తో తండ్రి మెడ కింద బట్ట పట్టుకుని గోడకు గుద్దాడు.

"ఇంకొక్క దెబ్బ ఎయ్యి చూద్దాం! నేనూ ఏస్తా!"

"ఏస్తావా? నన్ను ఏస్తావా?"

ఇద్దరూ పెనుగులాడుతూ గోడకు, గుంజకు తగులుకుంటూ తిరిగారు. దొంతిలోని కుండలు జారి పగిలాయి. నారాయణమ్మ భర్త చెయ్యి పట్టుకుని వేలాడింది, నేల మీద ఈడ్చబడింది, అయినా వదల్లేదు. ఆదెప్ప తాళ్లతో ముడేసే బొందెల చొక్కా పర్రున చిరిగింది. ఎడమ భుజం మీద పాత మచ్చ బయటపడింది, అరచేయంత, ముడతలు పడి. చిన్నప్పటి నుంచీ తిప్పన్నకు తెలిసిన మచ్చే. కరువేడాది ఎద్దు పొడిచిన మచ్చ.

తండ్రి చర్నాకోల పైకెత్తాడు. కొడుకు పిడికిలి పైకెత్తాడు.

ఠప్పుమంది. ఇద్దరిలో ఎవరిదీ కాదు ఆ దెబ్బ. గంగక్క చేతిలోని సంగటి తెడ్డు మొగుడి మచ్చ పక్కనే పడింది.

"చాలించు! ఆ మచ్చ పక్కన ఇంకోటి కావాల్నా నీకు?" ఆమె గొంతు ఎప్పుడూ వినని గొంతు. "ఎద్దు పొడిచిందని ఇన్నేండ్లు నా నోట చెప్పిస్తివి. ఇంగ చెప్పను. రేయ్ తిప్పన్నా, అది ఎద్దు పొడిచింది కాదురా!"

"గంగీ!" అన్నాడు ఆదెప్ప. అది అరుపు కాదు, బతిమాలినట్టుంది.

"కరువేడాది నువ్వు మీ మేనమామ ఇంట్లో ఉంటివి. మీ నాయన కూలి కోసం టౌనుకు పోయె. పని దొరకల్యాదు. ఆకలికి కండ్లు తిరిగి ఒక హోటలు ఎనక ఆకుల కాడ వంగినాడు. వంటోడు మండే కట్టెతో కొట్టినాడు. ఇంటికొచ్చి ఎద్దు పొడిచిందని చెప్పమనె. చెప్తిని."

చర్నాకోల ఆదెప్ప చేతిలోంచి జారింది. గోడకు జారగిలబడి కిందికి కూలాడు. తిప్పన్న పిడికిలి ఎప్పుడు విప్పుకుందో అతనికే తెలియదు.

నారాయణమ్మకు నిన్నటి తన నవ్వు చెవుల్లో వినబడింది. ఆ ఆకుల మీదికి వంగి, 'ఇది ఫస్టు క్లాసు!' అని చప్పట్లు కొట్టిన నవ్వు. ఆమె మామ ఎదురుగా కూర్చుంది. కళ్లలో నీళ్లు ఆగడం లేదు.

"ఏ హోటలు మామా?"

అతను తల వంచుకునే పలికాడు. "పెంకులది. చింతమాను కాడ. ఇప్పుడు వేరేవాళ్లు నడుపుతాండారులే. ఆ ఆకుల్లో ఏమున్నిందో తెలుసునా అమ్మీ? ఏమీ ల్యాదు. నాకిపెట్టినట్లుండె. ఒక్క మెతుకు దొరకల్యా. ఊరికే తింటిని ఆ దెబ్బ."

"అయితే అప్పుడు కూడా మంచి హోటలే మామా..."

అనేసి నోరు మూసుకుంది. తిప్పన్న బిగుసుకుపోయాడు. గంగక్క తెడ్డు గట్టిగా పట్టుకుంది.

ఆదెప్ప కోడలి ముఖంలోకి చూశాడు. నవ్వు మొదలై ఏడుపైంది, ఏడుపు మళ్లీ నవ్వైంది. చేతుల్లో ముఖం దాచుకుని పసివాడిలా వెక్కాడు.

"ఏడ్చు, బాగా ఏడ్చు," అంది గంగక్క. "నిన్ను కొట్టినోడు ఎవడో, నువ్వు కొట్టింది నా కొడుకునా? వాని ఈపు చూడు. చెయ్యి చూడు."

ఆదెప్ప మోకాళ్ల మీద జరుగుతూ కొడుకు దగ్గరికి పోయాడు. బొబ్బలెక్కిన చేతిని రెండు చేతుల మధ్య పెట్టుకుని, ఊదుతూ కూర్చున్నాడు.

"మంటగా ఉండాదా నాయనా?"

"ఉండాది," అన్నాడు తిప్పన్న. కానీ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

నారాయణమ్మ లేచి కొబ్బరినూనె తెచ్చి మొగుడి చేతికి రాసింది. తర్వాత నేల మీది చర్నాకోల తీసుకుని పొయ్యిలోకి దూర్చింది. తోలు కమురు వాసన కొట్టింది. ఆదెప్ప చూశాడు గానీ వద్దనలేదు.

"ఎద్దుల్ని దేంతో తోలేది?" అన్నాడు మెల్లగా.

"నోరుంది కదా, దాంతో తోలు," అంది గంగక్క.

పాసు విప్పి చూశారు. మూల కాలింది. రామేశ్వరం మిగిలింది. 'భార్య' అంచున కొద్దిగా కమిలి, చదవడానికి వీలుగానే ఉంది. దుమ్ము దులిపి నారాయణమ్మ పెళ్లిచీర మడత పెడుతుంటే, ఆదెప్ప చిరిగిన చొక్కాతోనే గడపలో నిలబడ్డాడు.

"రేపు పొద్దున బండి కడతా. నలుగురమూ ఆ పెంకుల హోటలుకే పోదాము."

"నేనా? హోటలుకా?" గంగక్క నోరు తెరిచింది.

"నువ్వే. ముందు వాకిట్లోంచే పోదాము. ఆకులు ఏయించుకొని కూర్చుందాము." అతను కోడలి వైపు తిరిగాడు. "తిన్నాక ఎనక్కి పోయి చూసొద్దాం అమ్మీ. ఆకుల్ని కాదు. ఆడ ఎవరైనా నిలబడి ఉండారేమో. ఉంటే లోపలికి పిలుచుకొచ్చి ఇంకో ఆకు ఏయిద్దాము. ఎల్లుండి మీరు రైలెక్కండి."