ధర్మవరంలో ఆగిన నడక

కదిరమ్మ ఉన్నన్నాళ్ళూ ఈ కథ ఆమే చెప్పేది. ఎక్కడ నవ్వాలో, ఎక్కడ మొగుణ్ణి వెక్కిరించాలో ఆమెకు బాగా తెలుసు. ఇప్పుడు ఆ మొగుడు శ్రీరాములు తనలో తానే చెప్పుకుంటాడు. నవ్వే చోట కాసేపు ఆగి, మళ్ళీ అందుకుంటాడు.

పందొమ్మిది వందల ముప్పై ఎనిమిదిలో, ఉగాది ముందు. శ్రీరాములు చిన్నాయన లింగప్ప వెంట, పదిమంది మొక్కుబడివాళ్ళతో కలిసి హిందూపురం నుంచి శ్రీశైలానికి కాలినడకన బయలుదేరాడు. కొందరు బిడ్డల కోసం, కొందరు వానల కోసం పోతున్నారు. అతను మల్లన్నను అడగాలనుకున్నది ధర్మవరం నరసప్ప కూతురు కదిరమ్మను. కిందటేడు పెనుకొండలో ఒక పెళ్ళిపంక్తిలో ఆమె కావాలనే అతని విస్తరిలో మూడుసార్లు ఉప్పు వడ్డించింది. అంతే పరిచయం.

మూడోనాడు పొద్దున ధర్మవరం చేరారు. నేతగాళ్ళ వీధి పొడవునా పట్టు పడుగు, మగ్గానికెక్కించే నిలువు దారాలు, చాపి ఉంది. శ్రీరాములు ఇళ్ళ గుమ్మాల్లో కదిరమ్మ కోసం వెతుక్కుంటూ నేరుగా దాని మీదికే నడిచాడు.

"ఏమబ్బా! కండ్లు యాడ పెట్టుకోని నడుస్తాండావు? పడుగును దాటుతారా ఎవురన్నా?"

కదిరమ్మే! తానూ మగ్గం ఇంట్లోనే పుట్టి పడుగు తొక్కబోయినందుకు అతని చెవులు ఎర్రబడ్డాయి. ఏదో అనబోయేసరికి ముక్కు మీద చినుకు పడింది.

"తడిస్తే రంగు పోతాది, చుట్టండి!" అని నరసప్ప అరిచాడు.

శ్రీరాములు మూట విసిరేసి ఒక కొస అందుకున్నాడు. రెండో కొసను కదిరమ్మ బిగించి పట్టింది. అతను చుట్టుకుంటూ, చుట్టుకుంటూ ఆమె దాకా వచ్చాడు. ఇద్దరూ పడుగుతో చూరు కిందికి చేరేసరికి వాన దబదబా కురిసింది.

"శ్రీశైలం పోయి ఏమడుగుతావు?" అంది కదిరమ్మ, అతని నడుముకున్న ముడుపు చూసి.

"నిన్నే."

ఆమె పడుగును అరుగు మీద పెట్టి అతని వైపు తిరిగింది.

"అంత దూరం పోయి దేవుణ్ణి అడుగుతావా? నన్నడిగినావా? మా నాయన్నడిగినావా? రేపు తాడిమర్రి పెండ్లికొడుకోళ్ళు తాంబూలాలకు వస్తాండారు. నువ్వు తిరిగొచ్చేసరికి నేను ఆ ఇంట్లో ఉంటా."

వాన వెలిసింది. కదిరమ్మ తలుపు చాటుకు పోయింది. లింగప్ప కర్ర అందుకున్నాడు. "లెయ్ రా, పోదాం."

"నేను రాను చిన్నాయనా."

"బొబ్బలెక్కినాయా?"

"కాళ్ళు బాగుండాయి."

"మొక్కు నడక సగంలో వదిలితే హిందూపురమంతా నవ్వుతాది రా!"

"నవ్వనీ."

పసుపుగుడ్డలో కట్టిన ముడుపును నడుము నుంచి విప్పి చిన్నాయన చేతిలో పెట్టాడు. లింగప్ప అతన్ని చూశాడు, తలుపు చాటున కదిలిన గాజుల చేతిని చూశాడు. ముడుపు నడుముకు దోపుకున్నాడు.

"మల్లన్నకు నేను చెప్పుకుంటాలే. పిల్ల నాయనకు నువ్వు చెప్పుకో."

విన్నది చాలు అన్నట్టు నరసప్ప తల తుడుచుకుంటూ ముందుకొచ్చాడు. "నడక సగంలో మానినోనికి పిల్లనెట్లిచ్చేది? రేపు సంసారమూ సగంలో మానవా?"

శ్రీరాములు నరసప్ప ఎదుటికి వచ్చి నిలబడ్డాడు.

"నేను బయలుదేరింది ఈడికే మామా. అడిగే ధైర్యం లేక శ్రీశైలం పోతానన్నా."

మామా అన్న పిలుపుకు నరసప్ప కనుబొమలు లేచాయి. తర్వాత లోపలికి తిరిగి కేకేశాడు.

"అమ్మీ, కాళ్ళకు నీళ్ళు తెచ్చియ్యి! రేపు రావద్దని తాడిమర్రికి మనిషిని పంపల్ల."