ఎయిర్‌లాక్‌లో ఉడుము

"నువ్వు చావాలి," అన్నాడు చీఫ్. "కనీసం చావబోతున్నట్టు కనిపించాలి."

ఏజెంట్ ఉడుముకు నవ్వు రాలేదు. పట్టుకుంటే వదలడని డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరది.

"రోగం?"

"సిరోసిస్. కాలేయం మచ్చలు కట్టి గట్టిపడిపోతుంది. మార్చడానికి మరో కాలేయం దొరకని వాళ్లకి కొత్త ట్రీట్‌మెంట్ ట్రయల్ నడుస్తోంది. రోగి రక్తంలోని కణాలనే తీసి, ల్యాబ్‌లో పెంచి, తిరిగి ఆ రోగికే ఎక్కిస్తారు. అవి ఆ మచ్చల్ని తినేస్తాయని డాక్టర్ల ఆశ. ఒక పెద్దాయన కోసం తయారైన కణాల సంచి మీద ఒక విదేశీ ముఠా కన్నేసింది."

"పోతే ఇంకోటి తయారు చేయలేరా?"

"ఆ పెద్దాయన ఒంట్లోంచి మళ్లీ కణాలు తీస్తే మనిషే మిగలడు. ల్యాబ్‌లో మన డాక్టరమ్మ ఉంది. కోడ్ నేమ్ చిలక."

కళ్లకు పసుపు లెన్సులు, నడుముకు గాలి నింపిన రబ్బరు పొట్టతో ఉడుము వార్డులో చేరాడు. పక్క బెడ్‌లో ఆ పెద్దాయన, రిటైరైన బస్సు డ్రైవరు. చూడగానే అడిగాడు.

"ఏం అబ్బాయ్, నీకెన్నో నెల?"

"నీకన్నా తక్కువే బాబాయ్."

ముసలాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆయాసం తీరాక, "మనవరాలికి బండి నేర్పుతానని మాటిచ్చాను," అన్నాడు. "అదొక్కటీ అయితే చాలు."

సాయంత్రం సంచి ఎక్కించాలి. మధ్యాహ్నం దాటినా రాలేదు. ల్యాబ్ ముందు రెండు తలుపుల చిన్న గది, ఎయిర్‌లాక్. ఉడుము వెళ్లి దాని బయటి తలుపు తెరిచాడు. లోపలి తలుపు మందపాటి అద్దంలోంచి చూశాడు. టెక్నీషియన్లు బల్లల మీద స్పృహ తప్పి ఉన్నారు. చిలక, చెదరని లిప్‌స్టిక్‌తో, సంచిని తన హ్యాండ్‌బ్యాగులో సర్దుకుంటోంది.

అతన్ని చూసి, తీరిగ్గా పిస్టల్ తీసి, లోపలి తలుపు బటన్ నొక్కింది. ఎర్ర లైటు.

దుమ్ము చొరబడకుండా కట్టిన ఏర్పాటది. ఒక తలుపు తెరిచి ఉంటే రెండోది తెరుచుకోదు. ఉడుము బయటి తలుపును భుజంతో ఆపి నిలబడ్డాడు. వదిలితే ఆమె బయటపడుతుంది. వదలకపోతే తనూ కదలలేడు. పేషెంట్ గౌనులో ఆయుధం లేదు, బొత్తాంలోని ట్రాన్స్‌మీటర్ ఆ మందపాటి గోడల మధ్య మూగబోయింది. కక్కలేని, మింగలేని పరిస్థితి.

ఇంటర్‌కామ్‌లో చిలక గొంతు గరగరలాడింది. "సంచి ఫ్రిజ్‌లోంచి తీసి చాలాసేపైంది. వేడెక్కితే కణాలు చస్తాయి."

"చచ్చినవాటిని నీ వాళ్లు కొంటారా?"

"నాకు పోయేది బేరం. నీకు పోయేది మనిషి. ముందు ఎవరు లొంగుతారంటావ్?"

సంచి మీది టెంపరేచర్ పట్టీలో ఆకుపచ్చ గీతలు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి. ఉడుముకు నిజంగా భయం వేసింది. తుపాకులకు వేయని భయం. తన పట్టే ఆ ముసలాయన ప్రాణం తీస్తోంది. తలుపు వదిలేద్దామా అని మొదటిసారి అనిపించింది.

అంతలో చిలక వాచీ చూసుకుని, వెనుదిరిగి, అవతలి గోడ వైపు నడిచింది. అక్కడ పాస్ బాక్స్ ఉంది. మనుషులు తిరగకుండా సరుకును కారిడార్‌లోకి అందించే చిన్న అల్మరా. అంటే అవతల ఎవడో కాచుకుని ఉన్నాడు!

ఉడుము రబ్బరు పొట్ట విప్పాడు. బయటి తలుపు మూసుకోకుండా సందులో కుక్కి, ఒక్క పరుగున కారిడార్ మలుపు తిరిగాడు. పాస్ బాక్స్ ముందు తుడుపుకర్రతో ఒక క్లీనర్, కాళ్లకు పాలిష్ బూట్లు. మెడ మీద ఒక్క దెబ్బకు వాడు కుప్పకూలాడు.

లోపలి నుంచి రెండుసార్లు కొట్టిన చప్పుడు. ఉడుమూ రెండుసార్లు కొట్టాడు. ఆకుపచ్చ లైటు వెలిగింది. సంచి చేతికొచ్చింది. పట్టీలో ఒక్క గీత మిగిలింది.

గార్డులు వెళ్లేసరికి చిలక అద్దం వెనకే ఉంది, తలుపులో ఇరుక్కున్న పొట్టను కళ్లప్పగించి చూస్తూ.

సాయంత్రం ఆ కణాలు చుక్కచుక్కగా డ్రైవర్ బాబాయి నరంలోకి దిగాయి. ఆయన మాత్రం పక్కకే చూస్తున్నాడు.

"మందు నాకెక్కించి, పొట్ట నీకు తగ్గించారేంట్రా?"

ఫోన్‌లో చీఫ్ గొంతు. "ముఠా మొత్తం దొరికింది. మిషన్ సక్సెస్ అని రాసేయనా?"

ఉడుము ముసలాయన చేతిని వదలకుండానే జవాబిచ్చాడు.

"ఆగండి సార్. మూడు నెలలకు స్కాన్ తీస్తారట. అది చూసి రాద్దాం."