చీల దిగని రాయి

మిట్టమధ్యాహ్నం... సూర్యబింబాన్ని రాహువు కబళించాడు! దిక్కులన్నీ కారుచీకట్లో మునిగాయి. ఎక్కడో ఉరిమింది. పగటిపూటే గుడ్లగూబ కూసింది. ఇంకా కప్పు మూయని శిఖరం కింద, గర్భగృహం నడుమ, ఇసుకరాతి గుంట ఒకటి నోరు తెరుచుకుని ఉంది.

శిల్పి పన్లాస్ గుమ్మంలోకి వచ్చి ఆగిపోయాడు. గుంటలో అతని భార్య కన్సో! జుట్టు విరబోసుకుని, కనుగుడ్లు తేలేసి ఊగుతోంది. ఒడిలో కపాలం. గట్టు మీద కూర్చుని క్షుద్రమంత్రాలు జపిస్తున్నవాడు శిఖాశివుడు... పన్లాస్ సొంత అన్న, ఈ గుడి పనికి పెద్ద, అమ్మానాన్నలు పోయాక ఎత్తుకుని పెంచినవాడు.

“పునాదిలో బంగారు రేకు పెట్టడానికి గుంట అన్నావు కదన్నా,” అన్నాడు పన్లాస్.

“రేకులు మోస్తాయట్రా ఇంత శిఖరాన్ని? ప్రాణం మోస్తుంది. పెళ్లాం పోతే ఇంకోతి వస్తుందిలే.”

గుంట అంచునే, దుంగల మీద మూతరాయి ఉంది. కొయ్యచీలలు దిగేసి మోకులతో ఎత్తడానికి ప్రతి రాతికీ బెజ్జాలు తొలుస్తారు. ఈ రాతికి వాటిని పూడ్చేయమని అన్నే చెప్పాడు. అన్న ముచ్చటపడ్డాడు కదా అని పన్లాస్ మూడు రోజులు రాతిబిళ్లలు నూరి, గోరు కూడా దిగనంత నున్నగా బిగించాడు. ఎందుకో ఇప్పుడు తెలిసింది. పడిన మూత మళ్లీ లేవకూడదు. పన్లాస్ చేతులతోనే అతని భార్యకు సమాధి కట్టించాడు అన్న!

శిఖాశివుడు కపాలం మీద నెత్తురు చిలకరించి పిశాచాన్ని ఆవాహన చేశాడు. కన్సో తలెత్తింది. ఆమె నోట ఒక ముసలి గొంతు పలికింది.

“ఏరా మనవడా, నా కొండలో రాయి కోసేముందు నన్నడిగావా?”

శిఖాశివుడి మొహం పాలిపోయింది. వచ్చింది పిశాచం కాదు... మహేంద్రగిరిని కాచే దేవుడు, కొండతాత! ఆయనకు అన్నం ముద్ద, సారా పెట్టి అడగందే ఏ శిల్పీ ఉలి ముట్టడు. “ఈ రాతికి నేనే అడిగాలేరా,” అని రాయి కోసిన రోజు తమ్ముడికి అబద్ధం చెప్పాడు అన్న.

కన్సో ఒంటిచేత్తో శిఖాశివుణ్ణి గుంటలోకి ఈడ్చి, తాను పైకొచ్చి కుప్పకూలింది. దుంగలు వాటంతటవే దొర్లాయి. మూత పడింది!

గ్రహణం విడిచింది. కన్సో కళ్లు తెరిచి నీళ్లడిగింది. రాతి కింద నుంచి సన్నగా ఒక గొంతు.

“ఒరేయ్, ఎత్తరా... నిన్ను ఎత్తుకుని పెంచాను కదరా.”

ఎంత ద్రోహం చేసినా అన్న. పన్లాస్ ఏడుస్తూ రాయంతా తడిమాడు. చీల దిగే చోటు ఎక్కడా దొరకలేదు. పని అంత బాగా చేశాడు.