ఇత్తడి గిన్నెలో నాలుగు గాజులు

కుండ కింద మంట పెట్టే ముందు నలుగురూ నాడిగాజులు తీసి ఇత్తడి గిన్నెలో వేశారు. ఆత్రేయపురంలో పూతరేకులు చేసే పాకలన్నిటిలోనూ ఇదే పద్ధతి. సెగ తగిలితే గాజు తికమకపడి, మనిషికి కాలిపోయే జ్వరమని ముందుచూపు వైద్యకేంద్రానికి కబురు పంపేస్తుంది. ఒకసారి అలాగే ఎగిరే అంబులెన్సు వచ్చి పెరట్లో వాలితే, ఆ గాలికి పొద్దుటి నుంచి తీసిన రేకులన్నీ కాలవలోకి కొట్టుకుపోయాయి.

మంగతాయారు గాజు గిన్నెలో వేసి, చెవిదిద్దును మెల్లగా నొక్కింది. ఎవరూ చూడలేదు.

"వాయిదాలు అయిపోయాయండీ" అంది దిద్దు, ఆమెకు మాత్రమే వినపడేలా.

నలభై దాటిన ప్రతి ఆడమనిషికీ ఒక నాడిగాజు, దానికి జతగా ఒక పలుకుదిద్దు ఇవ్వడం మొదలై పదకొండేళ్ళయింది. గాజు ఎవరి చేతికి ఉంటే వాళ్ళ ఒంట్లో రక్తం నడకనీ, ఎముక బలాన్నీ, పైకి తెలియని గడ్డల్నీ పసిగడుతుంది. తేడా ఉంటే దిద్దు చెవిలో చెబుతుంది. తీరిక లేకపోతే దిద్దు నొక్కి వారం వాయిదా వేసుకోవచ్చు, అలా మూడుసార్లు. ఆ తర్వాత గాజే పైకి పిలుస్తుంది. ఆడవాళ్ళకు తీరిక దొరకదని ఎరిగిన వాళ్ళెవరో ఆ వెసులుబాటు పెట్టారు. ఉన్న మూడూ వాడేసుకుంటారని మాత్రం పాపం వాళ్ళు అనుకోలేదు.

"ఛాతీ పరీక్షకు రండి" అని దిద్దు మొదట పిలిచినప్పుడు మంగతాయారు కూతురు ఇల్లు మారుతోంది. రెండోసారికి పెళ్ళివారి ఆర్డరు మీద పడింది. మూడో వారం ఏ పనీ లేదు. భయం ఉంది. నలభై ఎనిమిదేళ్ళ మనిషి, వేడి కుండ మీద చేయి ఆనించినా బెదరనిది, ఆ ఒక్క మాటకు బెదిరిపోయింది.

పది గంటలకు టీ తాగడానికి మంట తగ్గించి, గిన్నెలోంచి తలొక గాజు తొడుక్కున్నారు. అందరిలోకీ చిన్నదైన హైమవల్లి గ్లాసు అందుకోబోతుండగా ఆమె చేతి గాజు పసుపురంగుకు తిరిగి, పాకంతా వినపడేలా పలికింది.

"మంగతాయారు గారూ! మీ మూడు వాయిదాలూ పూర్తయ్యాయి. ఛాతీ పరీక్షకు ఈరోజే రండి."

హైమ తన చేతిని తనే వింతగా చూసుకుంది. "నన్ను పట్టుకుని మంగతాయారు అంటదేంటండీ ఇది?"

"గాజు మారిపోయుంటదే. లోపల నంబరుంటది, చూడు" అంది నూకరత్నం. ఆ పాకకు పెద్దది, నోటికీ పెద్దదే.

హైమ గాజును కంటికి దగ్గరగా పెట్టింది, దూరంగా పెట్టింది. నూకరత్నం లాక్కుని వెలుతురులోకి వెళ్ళింది. "సున్నాయో ఎనిమిదో... ఈ చెక్కినోడి చేతులు పడిపోనూ!"

చెక్కినవాడి తప్పేమీ లేదు. నలుగురికీ చత్వారం వచ్చి ఏళ్ళయింది. ఒప్పుకున్నవాళ్ళు ఒక్కరూ లేరు. చివరికి జుబేదా బియ్యం డబ్బా మూత తీసి, లోపల గుడ్డలో చుట్టి దాచిన కళ్ళజోడు బయటికి తీసింది.

"అమ్మ దొంగా!" అంది నూకరత్నం.

"ముందు గాజులు ఇలా తే అక్కా, తర్వాత తిడుదువుగాని."

జుబేదా నాలుగూ చదివింది. ఒక్క గాజు కూడా సొంతమనిషి చేతికి లేదు. ఏ రోజు ఎవరు ఎవరిది తొడుక్కున్నారో, ఎన్నాళ్ళుగా ఇలా జరుగుతోందో చెప్పగలిగేవాళ్ళు లేరు.

మంగతాయారుకు ముందు గుండె తేలికపడింది. గడ్డంటూ ఉంటే అది తనది కాకపోవచ్చు. మరుక్షణమే గ్లాసు కింద పెట్టేసింది. తనది కాకపోతే ఈ ముగ్గురిలో ఎవరిదో. ఎవరి ప్రాణాన్నో తను మూడు వారాలు వాయిదా వేసింది.

"నేనే నొక్కానే" అంది. "మూడుసార్లూ నేనే. నాదే అనుకున్నాను. నాదైతే ఏముందిలే, తర్వాత చూసుకోవచ్చులే అనుకున్నాను."

నూకరత్నం లేచి మంట మీద నీళ్ళు చల్లింది.

"ఏడుపు తర్వాత. నీది కాదు, నాది కాదు, నలుగురిదీ. లేవండి."

"పిండి కలిపేసాం కదక్కా?" అంది హైమ.

"పిండి పులిస్తే రేపు అట్లేసుకుంటాం."

పాకకు తడిక వేసి, పిండి చేతులు కడుక్కుని, కాలవ రేవులో జలబండి ఎక్కారు. రావులపాలెం దాకా జుబేదా కళ్ళజోడు ఒకరి తర్వాత ఒకరు పెట్టుకుని గాజుల లోపలి నంబర్లు చదివి చూసుకున్నారు. ఇన్నేళ్ళ తర్వాత అరచేతిలో గీతలు చూసుకున్న నూకరత్నం, తన ఆయుష్షు రేఖ బారుగా ఉందని అందరికీ చూపించింది. మంగతాయారు కూడా నవ్వింది. కాని ముగ్గురి ముఖాలూ మార్చి మార్చి చూస్తూనే ఉంది.

ముందుచూపు కేంద్రం తలుపు తెరుచుకోలేదు. "పిలుపు ఒకరికే ఉంది. ఒకరే రావాలి" అంది.

"ఆ ఒకరెవరో మాకూ తెలీదమ్మా. అది నువ్వే చెప్పాలి" అంది నూకరత్నం. లోపలి నుంచి డాక్టరు కీర్తన నవ్వాపుకుంటూ వచ్చి తలుపు తీసింది.

ఛాతీ ఒక్కటే కాదు, గర్భసంచి, ఎముకలు, కళ్ళు, రక్తం అన్నీ చూశారు. ఒకరు లోపలుంటే ముగ్గురు బయట ఆమె మీద వేళాకోళాలాడుతూ కూర్చున్నారు. మంగతాయారు ఎముకలు పలచబడ్డాయి. నూకరత్నానికి చక్కెర జబ్బు గుమ్మం దాకా వచ్చి నిలబడింది. జుబేదాకు ఏమీ లేదు, కొత్త కళ్ళజోడు తప్ప. గడ్డ హైమది.

"ఆవగింజంత ఉంది. మధ్యాహ్నానికి తీసేస్తాను, సాయంత్రం ఇంటికి వెళ్ళిపోవచ్చు" అంది డాక్టరు. "మూడు వారాలకు ఏమీ కాలేదు. మూడేళ్ళయితే వేరే మాట."

మంగతాయారు హైమను పట్టుకుని భోరున ఏడ్చింది. హైమే ఆమె వీపు నిమిరి ఓదార్చింది. "ఊరుకో వదినా. నా దిద్దు పిలిచుంటే నేను ముప్ఫైసార్లు నొక్కేదాన్ని. నీ చెవిన పడింది కాబట్టి సరిపోయింది."

వెళ్ళేటప్పుడు డాక్టరు కొత్తరకం గాజులు చూపించింది. పెద్ద అంకెలు, సొంతమనిషి చేతికి తప్ప బిగుసుకోవు. నలుగురూ ఒకరినొకరు చూసుకున్నారు.

"వద్దండి. ఈ పాతవే బాగున్నాయి. ఎవరిదో తెలీకపోతేనే అందరం కదులుతాం" అంది మంగతాయారు.

ఈ కబురు పాకలు దాటి ఊళ్ళకు పాకింది. ఏడాది తిరిగేసరికి కోనసీమ కేంద్రాలలో ఒక వింత కనిపించింది. పిలుపు ఒకరికి వెళితే నలుగురు, ఐదుగురు, ఒక్కోచోట ఎనిమిదిమంది వస్తున్నారు. వాయిదాకు దిద్దు నొక్కేవాళ్ళు లేరు. గాజులు తయారుచేసిన ఇంజనీర్లు కారణం కోసం లెక్కలన్నీ తిరగేశారు. ఇత్తడి గిన్నె సంగతి వాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

ఆత్రేయపురం పాకలో ఓ ఉదయం టీ వేళకు మళ్ళీ ఒక గాజు పసుపురంగుకు తిరిగింది. ఎవరి పేరో పలకబోతుంటే నూకరత్నం దాని మీద గిన్నె బోర్లించింది. జుబేదా కొత్త కళ్ళజోడు మెడలోనే వేలాడుతోంది. నంబరు చదవమని ఎవరూ అడగలేదు. మంగతాయారు అప్పటికే మంట మీద నీళ్ళు చల్లి, చేతులు కడుక్కుంటోంది.