పన్నెండు పీతలకు ఇరవై నాలుగు గుల్లలు

సోమవారం పొద్దున్నే ముందు గదిలో స్టూలు, బకెట్, సన్నటి ప్లాస్టిక్ గొట్టం పరుచుకుని పిడుగు హడావిడి చేస్తుంటే, వాళ్లమ్మ వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చింది. పిడుగు ఆ ఇంటికి ఒక్కగానొక్క కూతురు. ఇరవై మూడేళ్లు వచ్చినా చిన్నప్పటి ఆ పేరు పోలేదు, ఆ పేరు తెచ్చిపెట్టిన గుణమూ పోలేదు.

"ఏంటే ఈ పురుగులు?"

"పురుగులు కాదమ్మా, హెర్మిట్ పీతలు. సన్యాసి పీతలంటారు. తొట్టిలో నాచంతా ఇవే తినేస్తాయి. చచ్చిన నత్తల గుల్లల్లో కాపురం ఉంటాయి. ఒళ్లు పెరిగితే ఇంకో పెద్ద గుల్ల చూసుకుంటాయి."

"ఇళ్లు మారుస్తూ తిరిగేవాళ్లు సన్యాసులేంటే? అద్దెకున్నవాళ్లు గానీ!"

పిడుగు నవ్వి, పీతలున్న బకెట్లోకి తొట్టి నీళ్లు చుక్కచుక్కగా పడేలా గొట్టానికి ముడి వేసింది. ఒకేసారి ఉప్పు తేడా తగిలితే తట్టుకోలేవని దుకాణంవాడు చెప్పాడు. గంటసేపు అలా అలవాటు చేసి, ఒక్కొక్కదాన్నీ తొట్టిలోని రాళ్లమీద దించింది. గోరంత పీతలు, నీలం కాళ్లు, మొత్తం పన్నెండు.

ఆ తొట్టి వాళ్ల నాన్న ప్రాణం. కట్టుడు పళ్లు తయారుచేసే పని ఆయనది, వీధిలో అందరికీ పళ్ల మేస్త్రి. ముందు పన్ను ఏది సొంతమో ఏది మేస్త్రి చేసిందో కట్టించుకున్నవాడే మర్చిపోవాలి, అంత నేర్పు. ఎనిమిదేళ్లుగా అదే ఓపికతో ఈ ఉప్పునీళ్ల గాజు తొట్టిలో పగడాలు పెంచాడు. ఎర్రచారల నత్తలు ఏడు ఈ నీళ్లలోనే పుట్టాయి. అలాంటి తొట్టికి రెండు నెలలుగా జుట్టు జుట్టుగా నాచు పట్టి, పగడాలు కనిపించకుండా పోతున్నాయి. ఆయన పట్టించుకోవడం లేదు. పనికి సెలవు పెట్టానని చెప్పి కుర్చీలోనే ఉంటున్నాడు.

సరిగ్గా ఆ రెండు నెలల కిందటే పిడుగుకి ఉత్తరం వచ్చింది. ఓడలు కట్టేచోట వెల్డింగ్ శిక్షణ, రెండేళ్లు. మూడుసార్లు దరఖాస్తు పెట్టినా రాక, నాలుగోసారికి సంపాదించింది. ఆదివారం రైలు. ఉత్తరం చదివి వినిపించినప్పుడు నాన్న "మంచిది" అన్నాడు, గోడవైపు చూస్తూ. ఆ రోజు నుంచి ఏం మాట్లాడినా గోడవైపే చూస్తున్నాడు.

"అలిగాడే, వదిలెయ్" అంటుంది అమ్మ. పిడుగు వదల్లేకపోయింది. ఒక్కసారి తన మొహంలోకి చూసి "వెళ్లిరా" అంటే చాలు. అది లేకుండా రైలెక్కడం ఆమెవల్ల కాదు.

అందుకే గుల్లల పొట్లం ఆయన చేతికే ఇచ్చింది.

"నాన్నా, ఇవి నువ్వు వెయ్యి. పీతకి రెండేసి, ఇరవై నాలుగు ఖాళీ గుల్లలు. లేకపోతే గుల్లల కోసం నత్తల్ని చంపేస్తాయట."

"వేస్తానమ్మా" అన్నాడు, గోడతో.

శనివారం పొద్దున తొట్టి దగ్గర నీచు వాసన కొట్టింది. పిడుగు గాజుకి మొహం ఆనించి చాలాసేపు వెతికింది. ఎర్రచారల గుల్లలు ఏడూ కనిపించాయి. ఏడింటి కిందా నీలం కాళ్లు నడుస్తున్నాయి. నత్తలు లేవు.

"నాన్నా, గుల్లలు వేశావా?"

"వేశానుగా."

"ఎక్కడ? ఒక్కటి చూపించు! ఏడు నత్తల్నీ తినేశాయి. నువ్వు వెయ్యలేదు!"

"వేశానంటున్నాగా" అన్నాడు, మళ్లీ గోడవైపే.

పిడుగుకి ఒళ్లు మండింది. "నామీద కోపం నామీద తీర్చుకో. నోరులేని నత్తలేం చేశాయి? నేను వెళ్లడం ఇష్టం లేదని చెప్పు, పోనీ తిట్టు! రెండు నెలలైంది నువ్వు నా మొహం చూసి. పగవాళ్లు కూడా ఇలా చెయ్యరు నాన్నా!"

"మీరైనా ఓ మాట చెప్పొచ్చుగా! బెల్లం కొట్టిన రాయిలా కూర్చోకపోతే!" అంది అమ్మ, పొయ్యి కట్టేసి వచ్చి.

అంతలో తొట్టి మోటారు గరగరమని ఆగిపోయింది. తొట్టి వెనక, నీళ్లు వడకట్టే ఇరుకు అర ఒకటుంది, దాంట్లో ఉంటుంది మోటారు. పిడుగు మూత తీసి మోచేతిదాకా చెయ్యి పెట్టింది. గట్టిగా ఏవో తగిలాయి. పిడికిటినిండా తీసి చూసింది.

ఖాళీ గుల్లలు. ఒక్కటీ పోకుండా అన్నీ అక్కడే ఉన్నాయి. వాటికింద జానెడు మందాన ఉబ్బి కుళ్లిన పగడాల మేత. నాచుకి తిండి ఎక్కణ్ణుంచి వస్తోందో ఇప్పుడు తెలిసింది. కోపంతో ఉన్న మనిషి రోజూ మేత వెయ్యడు. వేశాడు, కానీ ఎక్కడ పడుతోందో ఎరగడు.

పిడుగు మెల్లగా కుర్చీ ముందుకొచ్చి అరచెయ్యి చాపింది. "నా చేతిలో ఎన్నున్నాయి నాన్నా?"

ఆయన చేతిని సూటిగా చూశాడు. తర్వాత చూపు గోడమీదికి తిప్పాడు. "మూడా?"

అయిదున్నాయి.

"మధ్యలో చూపు పోయిందమ్మా, రెండు కళ్లకీ" అన్నాడు. "దేన్ని చూస్తే అదే మాయమవుతుంది. పక్కనున్నవి మాత్రం కాస్త ఆనుతాయి. ముగ్గురు డాక్టర్లకి చూపించుకున్నా. తగ్గదన్నారు. ఆ మిగిలిందీ పోతుందన్నారు. సెలవు కాదు, పనిలోంచి తీసేశారు. పళ్ల రంగు తప్పుతోంది."

అమ్మ స్టూలుమీద కూలబడింది. "నాక్కూడా చెప్పలేదేం?"

"నీకు చెబితే దీనికి తెలుస్తుంది. తెలిస్తే ఇది ఆగిపోతుంది. రైలు వెళ్లాక చెబుదామనుకున్నా."

"మరి నా మొహం..." అంది పిడుగు.

"సూటిగా చూస్తే నువ్వుండవమ్మా. మొహం ఉండాల్సినచోట బూడిదరంగు మచ్చ ఉంటుంది. గోడని చూస్తే ఓ పక్కగా, మసగ్గా నువ్వు కనిపిస్తావు. ఈ రెండు నెలలూ నిన్ను చూస్తూనే ఉన్నా."

పగవాళ్లు కూడా చెయ్యరని తను అన్న మాట పిడుగుని నిలువునా కోసింది. ఆయన కాళ్ల దగ్గర కూర్చుని మోకాళ్లమీద తల పెట్టి ఏడ్చింది. "నేనెక్కడికీ వెళ్లను నాన్నా."

"నువ్వాగితే ఇది ఆగుతుందా?" అన్నాడాయన. ఆ గొంతులో రెండు నెలల్లో మొదటిసారి కోపం వినిపించింది. "ముగ్గురం ఈ గదిలో కూర్చుని నా కళ్లు పోవడం చూస్తూ ఉండాలా? అది నేను భరించలేను. వెళ్లు."

పిడుగు తలెత్తింది. అమ్మవైపు చూసింది. అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ తలూపింది.

"రెండేళ్లకి నువ్వు తిరిగొచ్చేసరికి ఈ కాస్త చూపూ ఉండదు" అన్నాడు ఆయన. "లే, ఆ కిటికీ దగ్గర కూర్చో. వెలుతురు మొహమ్మీద పడాలి."

పిడుగు లేచి వెళ్లి కూర్చుంది. ఆయన కుర్చీ ముందుకు జరుపుకుని, తల తిప్పి, గోడని చూడసాగాడు. చాలాసేపు చూశాడు.

"ఏడవకమ్మా, మొహం మారిపోతోంది" అన్నాడు. "మామూలుగా ఉండు. గుర్తుపెట్టుకోవాలి."

పిడుగు పెదాలు బిగబట్టుకుంది. మామూలుగా ఉండటం ఆమెకి చేతకాలేదు.