మీసాలున్న పెళ్ళికూతురు

"చివరి వరుసలో సార్! లేవండి. మీరే పెళ్ళికూతురు."

శ్రీనాథ్ ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు. మోతె హైస్కూల్లో లెక్కల సారు అతను. ఎదురుగా మైకు పట్టుకుని ట్రైనర్ ప్రశాంతి నిలబడి ఉంది. కోదాడలో లాయరు. బాలల హక్కుల మీద టీచర్లకు శిక్షణ ఇవ్వడానికి సూర్యాపేట వచ్చింది.

"నేనా మేడం? నాకు మీసాలున్నయ్."

"చున్నీ కప్పితే కనిపించవు. క్లాసులో నిద్రపోయినందుకు ఇది శిక్ష కాదు, అవకాశం అనుకోండి."

అరవై మంది టీచర్లు గొల్లున నవ్వారు.

శిక్షణ జరగాల్సిన హాలు కురుస్తోందని పక్కనున్న ఫంక్షన్ హాలుకు మార్చారు. నిన్నటి పెళ్ళి మండపం ఇంకా విప్పలేదు. బంతిపూలు కూడా వాడిపోలేదు. అది చూసే ప్రశాంతికి ఈ నాటకం ఆలోచన వచ్చింది. బాల్యవివాహం జరుగుతుంటే టీచర్లు వెళ్ళి ఆపాలి. అంతే.

పెళ్ళికొడుకు వేషం డ్రాయింగ్ మాస్టర్ అచ్చయ్యది. సరిగ్గా అప్పుడే ఇంటి నుంచి ఫోన్ రావడంతో ఆయన బయటికి పోయాడు. ఎంతకీ రాలేదు. విసుగొచ్చి ప్రశాంతే తలపాగా చుట్టుకుని పీటల మీద కూర్చుంది.

"ఇప్పుడు ఆపండి," అంది.

ఎవరూ ఆపలేదు. సరోజ టీచర్ పాట అందుకుంది. హెడ్మాస్టర్ గోపయ్య పెళ్ళి పంతులు గారై మంత్రాలకు బదులు ఎక్కాలు చదవడం మొదలుపెట్టాడు. ఎవరో కూరగాయల భోజనమా, మటనా అని అడిగారు. మగపెళ్ళివారికి మర్యాదలు తగ్గాయని వెనక వరుసలో ఇద్దరు నిజంగానే కొట్లాడుకున్నారు.

"మేడం, పదమూడో ఎక్కం దాకా వచ్చిన్రు. తాళి కట్టే టైమైనట్టున్నది," చున్నీలోంచి శ్రీనాథ్ గొణిగాడు.

"మీరు మాట్లాడకండి. పదిహేనేళ్ళ పిల్లను ఎవరూ మాట్లాడనివ్వరు."

అప్పుడే పోలీసు జీపు ఆగింది. ముందు కానిస్టేబుల్, వెనక పిల్లల కోసం ఉన్న 1098 హెల్ప్‌లైన్ నుంచి దేవదాసు లోపలికి పరుగెత్తుకొచ్చారు. "పెళ్ళి ఆపండి!"

హాలు ఊడ్చే నాంచారమ్మ చీపురు ఎత్తి మండపం చూపించింది. "గా పిల్లనే సారు. పాపం, గంట నుంచి తలకాయ ఎత్తుతలేదు. గోడ మీద బోర్డుల నెంబరుంటే నేనే ఫోన్ చేసిన."

దేవదాసు మెల్లగా చున్నీ ఎత్తాడు. మీసాలు బయటపడ్డాయి. ఒక అడుగు వెనక్కి వేసి, అయినా పద్ధతి పద్ధతే కాబట్టి ఫారం తీశాడు.

"వయసు?"

"ముప్పై."

"పెళ్ళికొడుకు?"

"ఇరవై ఎనిమిది," అంది ప్రశాంతి తలపాగా తీస్తూ. "సార్, ఇది ట్రైనింగ్!"

ఆయన అప్పటికే రాసేశాడు: ఇద్దరూ మేజర్లు. పెళ్ళికి అభ్యంతరం లేదు.

హాలంతా నవ్వులతో ఊగిపోయింది. నవ్వులు తగ్గాక ప్రశాంతి మైకు తీసుకుంది. "ఇక్కడ అరవై మంది టీచర్లున్నారు. ఆపాలని అనిపించింది ఈ ఒక్క అమ్మకే."

నాంచారమ్మ సిగ్గుపడి ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చింది.

సాయంత్రం వాన పట్టుకుంది. టీ బండి రేకు కింద ప్రశాంతి పక్కకు వచ్చి నిలబడ్డాడు శ్రీనాథ్. చేతిలో టీ చల్లారిపోతోంది.

"మేడం, పోయిన మాఘమాసంల మా తొమ్మిదో తరగతి స్వప్న పెళ్ళికి పోయిన. అక్షింతలు ఏసిన. స్వీటు బాగున్నదని కూడా అన్న. తెల్లారి రిజిస్టర్ల పేరు కొట్టేసిన."

"ఆ పిల్ల ఏమంది?"

"పీటల మీదికెల్లి నన్నే సూసింది. సారు ఏమన్న అంటడేమో అని."

ప్రశాంతి తిడుతుందనుకున్నాడు. ఆమె గ్లాసు కింద పెట్టింది.

"పెళ్ళయినంత మాత్రాన చట్టం అయిపోలేదు సార్. ఇరవై ఏళ్ళు నిండేదాకా ఆ పెళ్ళి వద్దని కోర్టును అడిగే హక్కు ఆ పిల్లకుంటుంది. ఇప్పుడెక్కడుంది?"

"త్రిపురారం."

"ఆదివారం వస్తారా?"

"ఇప్పుడే రమ్మన్నా వస్త."

ఆదివారం దేవదాసును కూడా తీసుకుని ముగ్గురూ త్రిపురారం వెళ్ళారు. దేవదాసు వెంట ఫారాల సంచి. స్వప్న పొలంలో వరి నాటు నుంచి అప్పుడే వచ్చి కాళ్ళ బురద కడుక్కుంటోంది. సారును చూసి చెంబు వదిలేసింది.

వచ్చిన పని విని స్వప్న అత్త గుమ్మానికి అడ్డంగా నిలబడి శ్రీనాథ్‌నూ ప్రశాంతినీ ఎగాదిగా చూసింది. "మీ ఇద్దరికి పెండ్లయిందా?"

"లేదు," అన్నారు ఇద్దరూ.

"పెండ్లంటే తెల్వనోళ్ళు మాకు చెప్పొచ్చిన్రా?"

దేవదాసు అమాయకంగా అన్నాడు. "వీళ్ళ పెండ్లి మొన్న నేనే ఆపిన అమ్మా."

ఆమె కోపం ఒక్కసారిగా దేవదాసు మీదికి మళ్ళింది. "ఎందుకు ఆపినవయ్యా? ఈడూ జోడూ ఎంత మంచిగున్నది! పాపం, రా బిడ్డా, కూసో." ఇద్దరికీ మజ్జిగ ఇచ్చింది. దేవదాసుకు ఇవ్వలేదు. ఆయనను నిలబెట్టి ఆమె అరగంట తిడుతుంటే, పెరట్లో స్వప్న ప్రశాంతితో మాట్లాడింది.

"పదో తరగతి సదువుకుంట మేడం. గంతే."

అంత తేలిగ్గా ఏమీ కాలేదు. ఆ మజ్జిగ ఇచ్చిన అత్తే తర్వాత బాలల సంక్షేమ కమిటీ ముందు శాపనార్థాలు పెట్టింది. స్వప్న తండ్రి మూడుసార్లు మాట మార్చాడు. ప్రతి విచారణకూ శ్రీనాథ్ సెలవు పెట్టి వచ్చాడు. అందరి ముందూ లేచి, "తప్పు నాది కూడ," అని చెప్పాడు. ఆ రోజు ప్రశాంతి ఫైలు చూస్తున్నట్టు నటిస్తూ చాలాసేపు అతన్నే చూసింది.

చివరికి కమిటీ ఒప్పుకుంది. ఆగస్టులో స్వప్న మిర్యాలగూడలో బాలికల హాస్టల్ బడిలో చేరింది. గేటు దగ్గర పుస్తకాలు గుండెకు హత్తుకుని, "సార్, ఈసారి నా పేరు కొట్టేయకుండ్రి," అంది నవ్వుతూ. శ్రీనాథ్ జేబులోంచి తన పెన్ను తీసి ఆ పిల్ల చేతికిచ్చాడు.

బస్టాండులో సూర్యాపేట బస్సు, కోదాడ బస్సు పక్కపక్కనే ఉన్నాయి. ప్రశాంతి కోదాడ బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. వెనకే శ్రీనాథ్ ఎక్కాడు.

"సార్, మీ బస్సు అది!"

"తెలుసు. నాకు కోదాడల పని ఉన్నది."

"కోదాడలో ఎవరున్నారు మీకు?"

"మీ అమ్మగారు. మీ అమ్మాయి నాకు ఇష్టం, ఆమెకూ ఇష్టమైతేనే పెళ్ళి మాట తీద్దామని చెప్పొస్త."

ప్రశాంతి మొహం ఎర్రబడింది. కిటికీలోంచి వాన జల్లు కొడుతున్నా అద్దం మూయలేదు. "మా అమ్మ ఒకటే అడుగుతుంది. ఇన్నాళ్ళు ఎందుకు ఆగారని."

"ఏం చెప్పాలె మరి?"

పక్క సీటు మీదున్న ఫైళ్ళ సంచిని ఆమె ఒళ్ళోకి తీసుకుంది.

"దారి రెండు గంటలుంది. కూర్చుని ఆలోచిద్దాం."